అమ్మబోతే అడవి... పుట్టింటికి ఏనాటి ధర కట్టాలి?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో ఇల్లు అమ్ముకోవడమంటే పరువు పోయినంత పని. ఇప్పుడలా లేదు. పిల్లల పైచదువులకో, అప్పు తీర్చడానికో, అన్నదమ్ములు వేరుపడ్డప్పుడో, కన్నవాళ్ళు పోయాక పంపకాలప్పుడో... ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఇంటికీ ఓ ధర కట్టాల్సిన అవసరం వస్తూనే ఉంది.

ధరలు పెరిగే రోజుల్లో ఇదేం బ్రహ్మవిద్య కాదు. కాస్త ఎక్కువ పెట్టి కొన్నా ఏడాది తిరిగేసరికి ఆ ధర అందుకుంటుంది. ధరలు దిగజారే రోజుల్లోనే అసలు చిక్కు. ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న సామెత అనుభవంలోకి వచ్చేది అప్పుడే. ఆ చిక్కు ముందుగా పడేది కూడా ఎక్కువగా ఆడవాళ్ళ మెడకే. ఎలాగంటారా? నాకు బాగా తెలిసినావిడ సంగతి చెబుతాను. పేరెందుకులెండి.

ఆవిడ పుట్టిల్లు మంగళగిరి దగ్గర. మూడొందల గజాల స్థలంలో తండ్రి కట్టించిన డాబా. 2018లో వాళ్ళన్నయ్య నలుగురిలో గొప్పగా చెప్పేవాడు, “మా ఇల్లు కోటీ ఇరవై లక్షలు పలుకుతోంది” అని. 2020లో తండ్రి పోయారు. వీలునామా ఏమీ రాయలేదు. తల్లి, అన్న, తను, ముగ్గురికీ సమాన వాటా. ఏడాది గడవకుండానే పంపకాల మాట వచ్చింది. “ఇప్పుడెవరు కొంటారమ్మా? రాజధాని ఉంటుందో ఉండదో తెలీదు. అరవై లక్షలొస్తే గొప్ప. నీ వాటా ఇరవై లక్షలు తీసుకుని సంతకం పెట్టెయ్యి” అన్నాడు అన్నయ్య. ఈవిడ పెట్టేసింది. 2024లో ప్రభుత్వం మారింది. మళ్ళీ అమరావతి మాట వినపడింది. అదే ఇంటికి ఇప్పుడు కోటీ పాతిక లక్షలకు బేరం వచ్చిందట.

అన్నయ్య మోసం చేశాడా? అలా అనలేను. ఆ రోజున నిజంగానే కొనేవాడు లేడు. పోనీ, చెల్లెలికి న్యాయం జరిగిందా? అదీ అనలేను. మోసం లేకుండానే అన్యాయం జరిగిందంటే లెక్కలో ఎక్కడో తిరకాసు ఉందన్నమాట. ఆ తిరకాసు ఎక్కడుందో చూద్దాం.

పదేళ్ళలో మూడు ధరలు

ముందు ఆ ప్రాంతంలో జరిగిందేమిటో గుర్తు చేసుకుందాం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. కృష్ణ ఒడ్డున కొత్త రాజధాని అన్నారు. 29 గ్రామాల రైతులు భూసమీకరణ కింద 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. మెట్ట ఎకరం ఇచ్చినవాళ్ళకి అభివృద్ధి చేసిన ఇళ్ళస్థలం వెయ్యి గజాలు, వ్యాపార స్థలం 250 గజాలు తిరిగి ఇస్తామన్నది ఒప్పందం. 2015 అక్టోబరు 22న ప్రధాని వచ్చి శంకుస్థాపన చేశారు. తుళ్ళూరు, మందడం మొదలుకుని మంగళగిరి, తాడేపల్లి, విజయవాడ దాకా నేల ధరలకు రెక్కలొచ్చాయి.

2019 డిసెంబరు 17న అప్పటి ముఖ్యమంత్రి శాసనసభలో మూడు రాజధానుల మాట అన్నారు. అక్కడి నుంచి బేరాలు చల్లబడ్డాయి. ఆ చట్టాన్ని 2021 నవంబరులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు అమరావతి రైతులకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక, 2025 మే 2న ప్రధాని మళ్ళీ వచ్చి పనులు పునఃప్రారంభించారు. ఆ నాలుగున్నరేళ్ళూ శిబిరాల్లో కూర్చున్నవాళ్ళలో, తుళ్ళూరు నుంచి తిరుపతి దాకా పాదయాత్రలో నడిచినవాళ్ళలో ముందు వరసలో ఆడవాళ్ళే ఉన్నారన్నది అందరూ చూసిందే.

నేను చెప్పేది రాజకీయం కాదు. ఆ పదేళ్ళలో ఆ డాబా ఇంటి గోడలు ఒక్క అంగుళం జరగలేదు. వంటింటి గట్టు అదే, పెరట్లో కరివేపాకు చెట్టూ అదే. మారిందల్లా ఆ ఊరి రేపటి మీద జనానికున్న నమ్మకం. ఇంటి ధరలో సగం ఇటుకా సిమెంటూ అయితే, మిగతా సగం ఈ నమ్మకమే. నమ్మకం పోయిన రోజున ధర కడితే ఆ సగం లెక్కలోకి రాదు. మా ఆవిడ సంతకం పెట్టింది సరిగ్గా అలాంటి రోజునే.

ధర పడ్డ సంగతి ఎలా తెలుస్తుంది?

సాయంత్రమయ్యేసరికి టమోటాల బండివాడు కిలో ధర తగ్గించేస్తాడు. లేకపోతే రాత్రికి కుళ్ళిపోతాయి. ఇల్లు కుళ్ళదు. అందుకని ఇంటివాళ్ళు ధర తగ్గించరు, ఎదురుచూస్తారు. కొనేవాళ్ళూ ఇంకా తగ్గుతుందని ఎదురుచూస్తారు. అంచేత నేల ధరలు పడేటప్పుడు ముందుగా పడేది ధర కాదు, బేరాల సంఖ్య. ధర పడ్డ వార్త చివరికి వస్తుంది.

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1990లలో ఫ్లాట్ల ధరలు పడి లేచిన తీరును డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ప్రచురించారు. తాము కొన్న ధర కంటే తక్కువకి అమ్మాల్సి వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళకంటే ఎక్కువ ధర చెప్పి కూర్చున్నారట. వాళ్ళ ఇళ్ళు అమ్ముడుపోవడానికి ఎక్కువ కాలం పట్టిందట. నష్టాన్ని ఒప్పుకోవడం మనసుకు అంత కష్టం. మనవాళ్ళూ అంతే. “ఆ రోజుల్లోనే ఎనభై లక్షలకి అడిగారు” అని పదేళ్ళ తర్వాత కూడా చెప్పుకుంటూంటారు. అడిగినవాడు ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఆ ఎనభై మాత్రం ఇంట్లో దేవుడి పటంలా ఉండిపోతుంది.

కాబట్టి చెప్పే ధర చూస్తే లాభం లేదు. వేరే గుర్తులు చూడాలి. ‘అమ్మబడును’ బోర్డు తీసి ‘టు లెట్’ బోర్డు పెట్టారా? వారానికి రెండుసార్లు ఫోన్ చేసే బ్రోకరు మూడు నెలలుగా పలకరించడం లేదా? బిల్డరు ధర తగ్గించకుండా, రిజిస్ట్రేషన్ ఖర్చు మాదే, మాడ్యులర్ కిచెన్ ఉచితం అంటున్నాడా? అదంతా తగ్గింపే. చీరకి బదులు బ్లౌజు ముక్క ఇచ్చినట్టు.

ఇంకో మాయ కూడా ఉంది. “ధర పడలేదండీ, అయిదేళ్ళుగా యాభై లక్షల దగ్గరే నిలబడింది” అంటారు. ఏటా ఆరు శాతం చొప్పున సరుకుల ధరలు పెరిగాయనుకోండి. అయిదేళ్ళ తర్వాతి యాభై లక్షలతో కొనగలిగేది మొదట్లో ముప్ఫయి ఏడున్నర లక్షలతో కొనగలిగినంతే. ధర నిలబడిందంటే చాలాసార్లు అది కూర్చుని దిగుతోందనే అర్థం.

ముచ్చటగా మూడు లెక్కలు

సరే, ఇంతకీ ఇంటి విలువ కట్టడమెలా? బ్యాంకులకు విలువ కట్టిపెట్టే ఇంజనీర్లు చేసే పనే మనం ఇంట్లో కాగితం మీద చేసుకోవచ్చు. లెక్క కోసం ఒక ఫ్లాటు అనుకుందాం. 1,200 చదరపు అడుగులు, పదిహేనేళ్ళ కిందట కట్టింది. ఇంటాయన మనసులో ఉన్న ధర అరవై లక్షలు.

మొదటి లెక్క: పక్కిల్లు ఎంతకు పోయింది? ఎంత చెప్పారన్నది కాదు, ఎంతకు తెగిందన్నది. రిజిస్ట్రేషన్ శాఖలో ఈసీ తీస్తే ఆ అపార్టుమెంటులో ఎప్పుడెప్పుడు అమ్మకాలు జరిగాయో తెలుస్తుంది. అయితే దస్తావేజులో రాసేది ఎక్కువసార్లు సర్కారు విలువే. అసలు ముట్టింది వేరే ఉంటుంది. అది తెలిసేది వాచ్‌మన్‌కి, కొన్న ఇంటివాళ్ళకి, అప్పిచ్చిన బ్యాంకుకి. ఈ వాకబు చేయడంలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే నయం. తాంబూలానికి వెళ్ళినచోట ఒక్క మాట కదిపితే చాలు. మన ఉదాహరణలో ఎనిమిది నెలల కిందట పై అంతస్తు ఫ్లాటు 52 లక్షలకు పోయిందనుకుందాం. నెల కిందట మన ఫ్లాటుని 46కి అడిగారు. ధరలు పడేటప్పుడు ఎనిమిది నెలల ధర పాతదే. 52 గురించి మరిచిపోవాలి. 46 పట్టుకోవాలి.

రెండో లెక్క: అద్దె ఏమంటోంది? ఇంటి ధర ఆశల మీద ఊగుతుంది గానీ అద్దె అంతగా ఊగదు. అద్దెకుండేవాడు రేపటి రాజధాని కోసం ఈ రోజు డబ్బు కట్టడు. నీళ్ళొస్తున్నాయా, బడి దగ్గరుందా అనే చూస్తాడు. మన ఫ్లాటుకి నెలకి 14 వేలు అద్దె. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుంటే 1,54,000. ఇంటిపన్నూ రిపేర్లూ 19 వేలు తీసేస్తే 1,35,000 మిగులుతుంది. మన నగరాల్లో ఇంటి మీద పెట్టిన డబ్బుకి అద్దె రూపంలో ఏటా రెండు నుంచి నాలుగు శాతం రావడమే గొప్ప. మధ్యస్థంగా మూడు శాతం అనుకుంటే ఆ అద్దెకు తగ్గ ధర 45 లక్షలు. చెప్పే ధర దీనికి బాగా పైన ఉంటే అందులో ఆశ పాలు ఎక్కువ ఉందన్నమాట.

మూడో లెక్క: నేలెంత, గోడలెంత? నేలకి వయసు లేదు, గోడలకి ఉంది. కాంక్రీటు కట్టడం ఆయుర్దాయం అరవై ఏళ్ళనుకుంటే పదిహేనేళ్ళకి నాలుగో వంతు కరిగిపోయినట్టే. ఈ రోజు కొత్తగా కడితే అడుగుకి రెండు వేల చొప్పున 24 లక్షలవుతుందనుకుంటే, మన గోడల విలువ 18 లక్షలు. ఫ్లాటుకి నేలలో విడగొట్టని వాటా ఉంటుంది. ఎన్ని గజాలో దస్తావేజులోనే రాసి ఉంటుంది. అది 50 గజాలు, గజం 45 వేలు అనుకుంటే 22.5 లక్షలు. రెండూ కలిపితే 40.5 లక్షలు. ఇక్కడే ఇంకో మాట. ఆ 1,200 అడుగుల్లో మెట్లూ, లిఫ్టూ, నడవా వాటాలు కూడా కలిసి ఉంటాయి. 2016 నాటి రెరా చట్టం వచ్చాక బిల్డర్లు కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనకి నిజంగా దక్కే జాగా, చెప్పి తీరాలి. అంతకు ముందు కట్టిన ఫ్లాటయితే టేపు పట్టుకుని మనమే కొలుచుకోవడం మంచిది.

మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టండి. 46, 45, 40.5. ఇంటాయన అరవై ఎక్కడా లేదు. ఈ రోజుకి ఆ ఫ్లాటు విలువ నలభైకీ నలభై ఆరుకీ మధ్య ఉంది. ఒకే అంకె చెప్పమని ఎవరడిగినా చెప్పకండి. ధరలు పడే రోజుల్లో ఒకే అంకె చెప్పేవాడికి తెలీదనైనా అనుకోవాలి, ఏదో అవసరం ఉందనైనా అనుకోవాలి.

బ్యాంకు వాళ్ళు చేయించే వాల్యుయేషన్ రిపోర్టులోనూ ఒకే ఇంటికి రెండు మూడు విలువలు రాస్తారు. తొందర లేకుండా అమ్మితే వచ్చేది ఒకటి. ఉన్నపళంగా అమ్మాల్సి వస్తే దక్కేది ఇంకొకటి. రెండోది ఎప్పుడూ తక్కువే. ఇల్లు ఒకటే, ఇంజనీరు ఒకడే. మరి తేడా దేనికి? ఎదురుచూసే ఓపికకి. పడే బజారులో ఇంటి విలువలో పెద్ద భాగం ఆ ఓపికే. అప్పు తరుముకొచ్చేవాడికి ఆ భాగం దక్కదు. కాస్త ఆగగలిగినవాడికి దక్కుతుంది.

ఆగితే పెరుగుతుందా?

అందరూ అడిగేది ఇదే. హైదరాబాదు కథ చెబుతారు. నిజమే. 2008లో ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం, 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ బాగోతం, ఆ ఏడాది డిసెంబరు నుంచి రాష్ట్రం సంగతి తేలక అయిదేళ్ళ అనిశ్చితి. జాతీయ గృహ బ్యాంకు రెసిడెక్స్ పేరుతో నగరాల ఇళ్ళ ధరల సూచీ ఇస్తుంది. 2007ని వందగా పెట్టి వేసిన ఆ లెక్కలో హైదరాబాదు అంకె చాలా ఏళ్ళు వందకి కిందే ఉండిపోయింది. ఆ రోజుల్లో అమ్ముకున్నవాళ్ళు ఇప్పటికీ వేళ్ళు కొరుక్కుంటున్నారు. 2023 ఆగస్టులో అదే నగరంలో కోకాపేటలో ఎకరం వంద కోట్లు దాటి వేలంలో పోయింది.

కానీ లోకంలో హైదరాబాదు ఒక్కటే లేదు. జపానులో 1990ల మొదట్లో నేల ధరలు పడడం మొదలుపెట్టి ఏళ్ళ తరబడి పడుతూనే పోయాయి. అక్కడ ఆగినవాళ్ళు ఆగుతూనే ముసలివాళ్ళయ్యారు. ధర ఎందుకు పడిందన్నదే చూసుకోవాలి. రాజకీయం వల్లో, వడ్డీల వల్లో, అపనమ్మకం వల్లో పడితే అది మళ్ళీ లేవవచ్చు. ఊరే ఖాళీ అవుతుంటే, ఉద్యోగాలు పోతుంటే, కట్టిన ఇళ్ళు ఉండేవాళ్ళకంటే ఎక్కువయితే లేవడం కష్టం. ఇక చెరువు శిఖం భూమిలో ఉన్న ఇంటిది లెక్కే వేరు. 2024లో హైదరాబాదులో హైడ్రా వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టాక అందరికీ తెలిసొచ్చింది. కాగితం బాగాలేని ఇంటికి ధర తగ్గడం ఉండదు. ఉంటే ఉంటుంది, లేకపోతే సున్నా.

సర్కారు వారి ధర

బజారులో ధర పడినా సర్కారు పుస్తకంలో విలువ దానంతటదే తగ్గదు. తెలంగాణలో 2021 జూలైలోనూ, 2022 ఫిబ్రవరిలోనూ పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరిలో సవరించారు. స్టాంపు సుంకం ఈ పుస్తకం విలువ మీదే కట్టాలి, నిజంగా తక్కువకి అమ్మినా సరే.

ఇక్కడ చాలామందికి తెలీని చిక్కు ఒకటుంది. అమ్మిన ధర సర్కారు విలువ కంటే బాగా తక్కువగా ఉంటే ఆదాయపు పన్ను వాళ్ళు అమ్మిన ధరని లెక్కలోకి తీసుకోరు. సర్కారు విలువకే అమ్మినట్టు భావించి లాభం లెక్కకడతారు. పది శాతం దాకా తేడాని 2020 బడ్జెట్ నుంచి ఊరుకుంటున్నారు, అంతకు మించితే ఊరుకోరు. కొన్నవాళ్ళని కూడా, తక్కువకి దక్కినంతా నీ ఆదాయమే అంటారు. అంటే చేతికి రాని డబ్బుకి పన్ను! దీనికి విరుగుడు చట్టంలోనే ఉంది. బజారు ధర నిజంగానే అంత లేదని చెప్పి, వాల్యుయేషన్ ఆఫీసరుకి పంపమని కోరవచ్చు. అందుకే పైన చెప్పిన మూడు లెక్కల కాగితం, ఆ నాటి బేరాల వివరాలు, ఇంజనీరు రిపోర్టు దాచి ఉంచుకోవాలి. ఈ రోజుల్లో చాలా ఇళ్ళు, ఫ్లాట్లు ఇల్లాలి పేరునే ఉంటున్నాయి. నోటీసు వచ్చేది కూడా ఆవిడ పేరుకే.

వాటా ఇచ్చింది చట్టం, ధర కట్టేది ఎవరు?

ఇప్పుడు మళ్ళీ మంగళగిరి డాబా దగ్గరికి వద్దాం. ఆడపిల్లకి వాటా కోసం మన తెలుగునాట ముందుగానే అడుగేశాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయిన కూతుళ్ళకి కూడా ఇచ్చారు. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చిందేనని తేల్చి చెప్పింది. 2005కి ముందు ఇంకో ముల్లు ఉండేది. నివాసపు ఇంటిని పంచమని కూతురు అడగడానికి వీల్లేదు, అన్నదమ్ములు పంచుకుంటామన్నప్పుడే ఆవిడకి వాటా. ఆ నిబంధనా పోయింది.

హక్కు వచ్చింది సరే. మూడో వంతు అని చట్టం చెబుతుంది. దేనిలో మూడో వంతు? ఏ నాటి ధరలో? ఇది నట్టింట్లో కూర్చుని తేల్చుకోవాల్సిందే. అక్కడే ఆడపడుచు ఓడిపోతుంది. ఎందుకంటే పంపకాల రోజుని ఆవిడ నిర్ణయించదు. డబ్బిచ్చి పంపించేటప్పుడు ఇంటి ధర పాతాళంలో ఉంటుంది. డబ్బుకి బదులు స్థలం అంటగట్టేటప్పుడు అదే ధర ఆకాశంలో ఉంటుంది. నాకు తెలిసిన ఇంకొకావిడకి 2018లో పసుపు కుంకుమ కింద ప్లాటిచ్చారు, ఆ నాటి మిడిమేలపు ధర కట్టి. రెండేళ్ళకి దాన్ని అడిగే నాథుడు లేడు. ఇద్దరన్నయ్యలూ చెప్పింది ఆ రోజు ధరే. ఇద్దరు చెల్లెళ్ళూ నష్టపోయారు.

మరేం చెయ్యాలి? పిల్లలకి మైసూర్‌పాకు పంచేటప్పుడు అమ్మలు చేసే పనే. ఒకడు ముక్క కోస్తాడు, రెండోవాడు ముందు ఎంచుకుంటాడు. అన్నయ్య అరవై లక్షలు అన్నాడా? “సరే అన్నయ్యా. ఆ లెక్కన నీ వాటాకీ అమ్మ వాటాకీ నేనే నలభై ఇస్తాను, ఇల్లు నాకివ్వు. లేదంటే నా ఇరవై నాకివ్వు. ఏదైనా నాకు ఒకటే” అనాలి. చేతిలో నలభై లేకపోయినా ఆ మాట అని చూడాలి. అరవై నిజమైన ధరయితే అన్నయ్య ఒప్పుకుంటాడు. ఒప్పుకోలేదంటే ఆ అరవై ఆయన మనసులోని ధర కాదని అక్కడికక్కడే తేలిపోతుంది. గొడవపడక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు.

చట్టంలోనూ దీనికి కాస్త ఊతం ఉంది. తండ్రి నుంచి కలిసి వచ్చిన ఆస్తిలో ఒక వారసుడు తన వాటా బయటివాళ్ళకి అమ్మదలిస్తే మిగతా వారసులకి ముందు కొనుక్కునే హక్కు ఉంది. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. ఈ హక్కు అన్నకెంతుందో చెల్లెలికీ అంతే ఉంది. కోర్టు దాకా వెళ్ళమని నేననడం లేదు. వెళ్ళవచ్చని తెలిసినవాళ్ళ మాటకి ఇంట్లో విలువ పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ధర పడ్డ రోజున డబ్బు తీసుకుని తెంచుకోకపోవడం. వాటాని వాటాగానే ఉంచుకోవచ్చు. అద్దె వస్తుంటే అందులో భాగం తీసుకోవచ్చు. అన్నయ్యకి నిజంగా తొందరుంటే, ఇన్నేళ్ళలోపు ఎక్కువ ధరకి అమ్మితే తేడాలో వాటా ఇవ్వాలని వకీలు చేత రాయించుకోవచ్చు. ఇద్దరూ కలిసి ఒక ఇంజనీరుని పెట్టుకుని, ఆ విలువ ఏ తేదీ నాటిదో కాగితంలో రాయించాలి. “తోబుట్టువుల మధ్య కాగితాలేమిటి?” అంటారు ఎవరో ఒకరు. హక్కు విడుదల దస్తావేజు మీద సంతకం అడిగేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు, గమనించారా?

మొన్న ఆవిడ మా ఇంటికి వచ్చింది. అన్నయ్య కోటీ పాతిక బేరానికి సిద్ధంగా ఉన్నాడట. అమ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ మూడో వంతు ఇంకా ఆవిడ పేరునే ఉంది. అమ్మ చేత ఇరవై లక్షలకే దస్తావేజు రాయించుకోవాలని, ‘చెల్లాయికి ఇచ్చిన లెక్కే అమ్మకీ’ అంటున్నాడట. “అది 2021 లెక్క గదా, ఇప్పుడెలా చెల్లుతుంది?” అని అడిగిందట ఈవిడ. అన్నయ్య జవాబు చెప్పలేదట.

కోటీ పాతికలో మూడో వంతు నలభై ఒకటిన్నర లక్షలు దాటుతుంది. ఆ అంకెని ఈవిడ ఒక కాగితం మీద రాసి, కింద తేదీ వేసి, అమ్మకి చదివి వినిపించి వచ్చింది. సంతకం పెట్టేముందు ఆ కాగితం చూసుకోమని చెప్పిందట. అమ్మ దాన్ని మడిచి పోపులపెట్టె కింద దాచుకుందట.